నొప్పికి పాసు మార్కులు

మా ఊరి పెద్దాసుపత్రిలో నొప్పి ఉన్నంత మాత్రాన వైద్యం చెయ్యరు. నొప్పిలో పాసవ్వాలి. ఇందులో వింతేమీ లేదు. పాఠం చెప్పడం వచ్చినంత మాత్రాన మేష్టారి ఉద్యోగం ఇస్తున్నారా? బండి తోలడం వచ్చినంత మాత్రాన లైసెన్సు ఇస్తున్నారా? అన్నిటికీ ఒక పద్ధతి ఉంది. నొప్పికి మాత్రమే ఇన్నాళ్ళూ లేకుండా పోయింది. ఎవరికి పడితే వాళ్ళకి, ఎలా పడితే అలా వచ్చేది. ఆ లోటు మా గుమ్మలూరులో తీరింది.

ముందు పెట్టె వచ్చింది. పాతకాలం రేడియో అంత ఉంటుంది. దాన్నుంచి నాలుగు తీగలు, తీగల చివర నల్లటి రబ్బరు బిళ్ళలు. నొప్పి ఉన్నచోట చల్లగా జెల్లు రాసి, బిళ్ళలు అంటించి, మర తిప్పితే సన్నగా కరెంటు పారుతుంది. నొప్పి తగ్గుతుంది. బిగుసుకుపోయిన కండ వదులవుతుంది. పని మానేసిన కండ మళ్ళీ పని నేర్చుకుంటుంది. పట్నంలో ఇది పాత సంగతేనట. మా ఊళ్ళో మాత్రం కరెంటంటే పోయేది, వచ్చేది అనే తెలుసు గాని, ఒంటికి కూడా పెడతారని ఎవరికీ తెలియదు.

ప్రారంభోత్సవం ఘనంగా చేశారు. పెట్టెకి పసుపు రాశారు. బిళ్ళలకి బొట్లు పెట్టారు. పెద్దమనిషి ఒకాయన పెట్టె మీదే కొబ్బరికాయ కొట్టబోతుంటే ఫిజియోథెరపీ చూసే సుగుణ గారు చెయ్యి అడ్డం పెట్టి, పక్కనున్న బల్ల మీద కొట్టించింది. ఆ విధంగా మొదటి దెబ్బ బల్లకి తగిలింది.

మా వదిన అప్పయమ్మకి అప్పటికే కుడి భుజం పట్టేసి ఉంది. వదినంటే మా ఆయనకి అక్క. ఆసుపత్రి ప్రహరీ గోడని ఆనుకుని ఆమె ఇస్త్రీ బండి. ఇళ్ళకు తిరిగి బట్టలు తేవడం, ఇచ్చి రావడం నా పని. ఇస్త్రీ వదిన పని. మా ఇద్దరికీ ఆ బండే ఆధారం. బొగ్గుల ఇస్త్రీపెట్టె ఎత్తి చూసినవాళ్ళకి తెలుస్తుంది దాని బరువు. వదిన కుడి చెయ్యేమో నడుము దాటి లేవడం లేదు. రవికె నేనే తొడిగేదాన్ని. ఎడం చేత్తో ఇస్త్రీ చేస్తే చొక్కాల చేతులు రెండూ చెరో దారి పట్టేవి. ఎదురుగా కొత్తగా కరెంటు ఇస్త్రీ కొట్టు తెరిచారు. డాక్టర్ల క్వార్టర్సు వాళ్ళు, లాడ్జి వాళ్ళు మర్యాదగానే చెప్పారు. దసరా దాకా చూస్తాం, అప్పటికీ నీ చెయ్యి రాకపోతే బట్టలు అటు వేస్తాం అన్నారు.

పెట్టె వచ్చిన కొత్తలో జనం భయపడి దూరంగా నిలబడేవారు. వదిన భయపడలేదు. నిప్పుతో పని చేసే మనిషికి కరెంటంటే ఏం భయం? సుగుణ గారు బిళ్ళలు అంటించి మర తిప్పింది. వదిన కాసేపు కళ్ళు మూసుకుని విని, "చీమలు పాకతన్నట్టుందే మరదలా" అంది.

"కుడుతున్నాయా?" అన్నాను.

"లేదే. ఎక్కడికో పనిమీద పోతన్నట్టున్నాయి."

సుగుణ గారు నవ్వి, రోజూ వచ్చి కరెంటు పెట్టించుకోవాలని, తను చెప్పిన కసరత్తు చెయ్యాలని, అలా చేస్తే దసరాకి చెయ్యి తల మీదకి వస్తుందని చెప్పింది. మధ్యలో ఆపితే మాత్రం మళ్ళీ మొదటికొస్తుందని గట్టిగా చెప్పింది.

ఆ వారం వదిన చెయ్యి వేలెడు పైకి లేచింది. అదే మా కొంప ముంచింది. బట్టలు ఇచ్చే ఇంటింటా నేనే గొప్పగా చెప్పుకున్నాను. వారం తిరిగేసరికి ఆసుపత్రి గేటు దగ్గర నడుములు, మోకాళ్ళు, మెడలు బారులు తీరాయి. వీధి చివరి మిఠాయి కొట్టు దాకా వరస పాకింది. పెట్టె మాత్రం ఒకటే.

సూపరింటెండెంటు త్రివిక్రమరావు గారు మేడ మీద నుంచి ఆ వరస చూశారు. ఆయన ఒకప్పుడు మెడిసిన్ ఎంట్రన్సులో మంచి ర్యాంకు తెచ్చుకున్న మనిషి. డాక్టరు పట్టా ఎక్కడుందో ఆయనకే తెలియదు గాని, ర్యాంకు కార్డు మాత్రం అద్దం కట్టించి కుర్చీ వెనక గోడకి తగిలించుకున్నారు. సిబ్బందిని పిలిచి మీటింగు పెట్టారు.

"యంత్రం ఒకటి, నొప్పులు వెయ్యి. ఇటువంటి పరిస్థితి మన సమాజానికి కొత్త కాదు. సీటు ఒకటి, పిల్లలు వెయ్యిమంది అయినప్పుడు మనం ఏం చేశాం? ప్రతిభను గుర్తించాం" అన్నారు.

సుగుణ గారు లేచి, అలా అవసరం లేదని, నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి పది లోపు రోగినే అడిగి తెలుసుకునే పద్ధతి ఒకటి ఉందని, ఎక్కువ అవసరమున్నవాళ్ళని తను చేత్తో పట్టి చూసి చెప్పగలనని అంది. ఆయనకి అందులో పది అన్న మాట ఒక్కటే నచ్చింది.

"విద్యార్థి తన పేపరు తానే దిద్దుకుంటాడా అమ్మా? మార్కులు వెయ్యడానికి బోర్డు ఉండాలి" అన్నారు.

బోర్డు ఏర్పడింది. గేటుకి నోటీసు అంటించారు. చుట్టూ చేరినవాళ్ళకి నేనే చదివి వినిపించాను. "ఇందుమూలముగా సమస్త బాధిత ప్రజానీకమునకు తెలియజేయునది ఏమనగా, విద్యుత్ చికిత్స కోరువారు నొప్పి అర్హతా పరీక్షకు హాజరు కావలెను. ఎంపిక పూర్తిగా ప్రతిభ ప్రాతిపదికన జరుగును. నిమిషం ఆలస్యమైనను లోనికి అనుమతించబడదు. కుంటుచూ వచ్చుట వలన ఆలస్యమైనదన్న సాకు చెల్లదు." పాసు మార్కు పదికి మూడున్నర.

అప్పటిదాకా కరెంటు పెట్టించుకుంటున్నవాళ్ళు కూడా పరీక్ష రాయాల్సిందేనన్నారు. నేను వదినకి తల దువ్వి, గంజి పెట్టిన చీర కట్టించి తీసుకెళ్ళాను. చీర ఇస్త్రీ ఎడం చేతిదే కాబట్టి కుచ్చిళ్ళు కాస్త పక్కకి చూస్తున్నాయి.

లోపల త్రివిక్రమరావు గారు, ఎముకల డాక్టరు గారు, హెడ్ క్లర్కు ఒక బల్ల వెనక కూర్చున్నారు.

"నీ నొప్పికి పదికి ఎన్ని మార్కులమ్మా?" అని అడిగారు సూపరింటెండెంటు గారు.

వదిన వెనక్కి తిరిగి గుమ్మం బయట వరస వంక చూసింది. "ఈ పదీ ఎంతమందికండీ?" అంది.

"ఒక్కొక్కరికీ పదేనమ్మా."

వదిన నమ్మలేదు. చౌక బియ్యం దుకాణంలోనూ తలుపు తీసినప్పుడు అందరికీ అంటారు. సగం వరస అయ్యేసరికి మూసేస్తారు. "నాకో మూడెయ్యండి బాబూ. ఎనకాల ముసలోళ్ళున్నారు, ఆళ్ళకి సరిపోవద్దా" అంది.

హెడ్ క్లర్కు ఆమె మంచితనానికి సంతోషించి మూడు వేశాడు. సుగుణ గారు పక్కనుంచి, ఆవిడ చెయ్యి పైకి లేవడం లేదు, అది చూడండి సార్ అని బతిమాలింది.

"చెయ్యి లేవకపోవడం సిలబస్‌లో లేదమ్మా. నొప్పే సిలబస్" అన్నారాయన. అయినా న్యాయం తప్పకూడదని ప్రాక్టికల్స్ కూడా పెట్టారు. తలుపు పైగడియ తియ్యమన్నారు. వదిన కుడి చెయ్యి కదిలించి, పళ్ళు బిగించి, నుదుటికి చెమట పట్టి, ఆపేసింది. తర్వాత ఎడం చేత్తో గడియ తీసింది. తలుపు తెరుచుకుంది కదా అని ఎముకల డాక్టరు గారు ఒక మార్కు తగ్గించారు. మూలుగు వినపడలేదని హెడ్ క్లర్కు ఇంకో మార్కు తగ్గించాడు. మూలిగితే తగ్గుతుందా అండీ అని వదిన అడిగింది. తగ్గదమ్మా, పెరుగుతుంది, మార్కులు పెరుగుతాయి అని ఆయన ఓపిగ్గా చెప్పాడు.

సాయంత్రానికి వదిన చేతిలో ఒక కాగితం పెట్టారు. "పై వ్యక్తికి నొప్పి లేదు" అని రాసి, గుండ్రటి సీలు వేసి, సూపరింటెండెంటు గారు సంతకం చేశారు. మర్నాటి నుంచి కరెంటు ఆగిపోయింది. వారం పది రోజుల్లో వదిన చెయ్యి మళ్ళీ నడుము దగ్గరికి దిగింది.

మొదటి పరీక్షలో ఊళ్ళో సగం మంది తప్పారు. నిజంగా నొప్పి ఉన్నవాళ్ళకి దాన్ని దాచుకోవడమే అలవాటు. పదిమందిలో చెప్పమంటే సిగ్గుపడ్డారు. ఇది చూసి భీమేశ్వరరావు గారి మనసు కరిగింది. ఆయన లెక్కల లెక్చరరుగా రిటైరైన మనిషి. "భీమేశ్వర పెయిన్ అకాడమీ" అని బోర్డు కట్టారు. లాంగ్ టర్మ్ ఒకటి, షార్ట్ టర్మ్ ఒకటి. దూరం నుంచి వచ్చేవాళ్ళకి హాస్టలు వేరే.

మొదటి రోజు ఉచితంగా క్లాసు వినవచ్చంటే వదినని లాక్కెళ్ళాను. పెంకుటింటి వరండాలో వరసగా బెంచీలు వేసి, నడుములు ఒక పక్క, మోకాళ్ళు ఒక పక్క కూర్చోబెట్టారు. భీమేశ్వరరావు గారు నల్లబల్ల మీద గీతలు గీసి చెప్పారు.

"అబ్బా అంటే అర మార్కు. అమ్మా అంటే ఒకటి. అమ్మో అంటే రెండు. కానీ నేరుగా అమ్మో అనేస్తే కాపీ కొట్టావంటారు. స్టెప్పులు చూపించాలి. ముందు ఊపిరి లోపలికి పీల్చాలి, తర్వాత చెయ్యి నొప్పి మీదకి పోవాలి, అప్పుడు కన్ను మూయాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. ఆన్సరు తప్పినా స్టెప్పులకి మార్కులు పడతాయి."

వెనక బెంచీలో ఒకాయన లేచి, తనకి నొప్పి ఎక్కడా లేదని, ఏ భాగం తీసుకుంటే స్కోరింగని అడిగాడు. నడుము తీసుకోండి, ఎక్స్‌రేలో దొరకదు అని చెప్పారు భీమేశ్వరరావు గారు.

వదినని నిలబెట్టి మూలగమన్నారు. వదిన చీర చెంగు నోట్లో కుక్కుకుంది. చెంగు తీయమన్నారు. తీసింది. మూలగమన్నారు. వదిన నా వంక చూసి, నా చెవి దగ్గరికి వంగి, "ఇంతమంది మగాళ్ళలో మూలగడవేంటే" అంది. భీమేశ్వరరావు గారు తల అడ్డంగా ఊపి, ఈమెకి బేసిక్సు లేవు, తీసుకెళ్ళండి అన్నారు.

అక్కడితో మా చదువు ఆగింది గాని ఊరి చదువు జోరందుకుంది. తెల్లవారుజామున హాస్టల్లో స్టడీ అవర్ మొదలయ్యేది. వంద గొంతులు ఒక్కసారి మూలిగేవి. కొత్త పాలవాడు ఎవరో పోయారనుకుని సైకిలు దిగి, తువ్వాలు నడుముకి చుట్టుకుని నిలబడ్డాడు. వీధి మొగల్లో ఫ్లెక్సీలు వెలిశాయి. ముఖం చిట్లించిన ఫోటో, కింద పేరు, పక్కన మార్కులు. నడుములో ఫస్టు, మెడలో ఫస్టు, ఒకాయన ఎడమ పిక్కలో ఫస్టు. ఇంకో అకాడమీ పుట్టి, ఎడమ పిక్క మా దగ్గరే చదివిందని కేసు వేసింది.

రెండో పరీక్షకి ముందు పేపరు లీకయింది. "ఎక్కడ నొప్పి?" అన్నదే ప్రశ్న అని బజారంతా తెలిసిపోయింది. త్రివిక్రమరావు గారు మండిపడి పరీక్ష రద్దు చేసి, మర్నాడు "ఎప్పటి నుంచి నొప్పి?" అని అడిగించారు. ఎక్కడ అన్నదానికి తయారై వచ్చినవాళ్ళంతా తెల్లముఖం వేశారు. సిలబస్ బయట ప్రశ్న ఇచ్చారని ఆసుపత్రి గేటు ముందు బైఠాయించారు. చాలాసేపు నేల మీద కూర్చోవడం వల్ల వాళ్ళలో కొందరికి నిజంగానే నడుములు పట్టేశాయి. అది పరీక్షకి ముందు రానందుకు వాళ్ళు చాలా బాధపడ్డారు.

మూడోసారికి అంతా సక్రమంగా జరిగింది. కటాఫ్ తొమ్మిదిన్నర దగ్గర ఆగింది. మొదటి ర్యాంకు వీర్రాజుకి వచ్చింది. వీర్రాజు బియ్యం మిల్లులో బస్తాలు మోసే కుర్రాడు. రెండు బస్తాలు భుజాన వేసుకుని పాట పాడుకుంటూ మెట్లెక్కేవాడు. నొప్పంటే ఏమిటో పుస్తకం చూసి నేర్చుకున్నాడు. పదికి పది. పేపరు వాళ్ళు వచ్చి విజయ రహస్యం అడిగారు. అమ్మానాన్నల ప్రోత్సాహం, మేష్టారి చలవ, ఏ రోజు మూలుగు ఆ రోజే పూర్తి చెయ్యడం అని చెప్పాడు. బియ్యం మిల్లు యజమాని స్టేజీ ఎక్కి ర్యాంకర్లందరికీ శాలువాలు కప్పాడు. వీర్రాజుకి పక్క ఊరి నుంచి పిల్లనిస్తామని వచ్చారు.

ర్యాంకర్లకి కరెంటు పెట్టడం మొదలయింది. మొదటి బ్యాచిలో కనకదుర్గ టీచరు గారు ఉన్నారు. ఆమెకి పదో ర్యాంకు. ఎలా వచ్చిందో గాని ఆమెకి మోకాలి నొప్పి నిజంగానే ఉంది. రోజూ కరెంటు పెట్టించుకున్నారు. నెల తిరగకుండా మెట్లెక్కి సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళి, తగ్గిపోయింది బాబూ, చల్లగా ఉండండి అని దణ్ణం పెట్టారు.

ఆయన ఉలిక్కిపడ్డారు. మళ్ళీ పరీక్ష పెట్టించారు. ఆమెకి పదికి ఒకటి వచ్చింది. పదో ర్యాంకు మనిషికి ఒకటి రావడమంటే మొత్తం వ్యవస్థ మీదే మచ్చ. ర్యాంకు రద్దు చేశారు. ఇద్దరు అటెండర్లు వెళ్ళి శాలువా వెనక్కి తెచ్చారు. ఫ్లెక్సీలో ఆమె ముఖం మీద తెల్ల కాగితం అంటించారు.

ఈ కబురు ర్యాంకర్లలో నిప్పులా పాకింది. మర్నాడు వీర్రాజు బల్ల మీద పడుకున్నాడు గాని, సుగుణ గారు బిళ్ళలు తీసుకొచ్చేసరికి లేచి కూర్చున్నాడు.

"వద్దండీ. ఈ పదీ ఎంత కష్టపడి తెచ్చుకున్నానో నాకు తెలుసు. మీరు మర తిప్పి తగ్గించేస్తారు" అన్నాడు.

నొప్పి లేదు కదా నాయనా, తగ్గడానికి ఏముంది అని ఆమె అడిగింది. ఉన్నదాన్ని కాపాడుకోవాలి కదండీ అన్నాడు వీర్రాజు. అతని వెనకే రెండో ర్యాంకు లేచిపోయింది. మూడో ర్యాంకు గుమ్మం దాటి లోపలికే రాలేదు. భీమేశ్వరరావు గారు అకాడమీలో ప్రత్యేకంగా క్లాసు తీసుకుని, ర్యాంకు వచ్చాక ఆ గది దరిదాపులకి పోవద్దని పిల్లలకి బోధించారు. ఎవరి ఇంటి ముందైనా సుగుణ గారు కనిపిస్తే తలుపులు వేసుకునేవారు.

ఆ విధంగా, కరెంటు కావలసినవాళ్ళకి అర్హత లేదు. అర్హత ఉన్నవాళ్ళకి కరెంటు వద్దు. పెట్టె మీద సుగుణ గారు పూలగుడ్డ కప్పింది. ఆమె ఒకటి రెండుసార్లు తప్పినవాళ్ళని పిలవబోతే, అర్హత లేనివారికి సర్కారు కరెంటు పెట్టినందుకు సంజాయిషీ అడుగుతామని హెడ్ క్లర్కు చెప్పాడు.

బండి దగ్గర మా పరిస్థితి బాగోలేదు. లాడ్జి దుప్పట్లు అప్పుడే సగం ఎదురు కొట్టుకి పోతున్నాయి.  వదిన ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఊదుతూ, ఎడం చేత్తో కుడి మోచేతిని పట్టుకుని పైకి తోసుకునేది. చేతిని వదలగానే దిగిపోయేది.

అప్పుడు జోనల్ ఆఫీసు నుంచి తాఖీదు వచ్చింది. ఉపకరణం నిరుపయోగంగా పడి ఉండరాదని, రోగులు లేని పక్షంలో దాని పనితీరును ప్రతిరోజూ నొప్పి లేని వ్యక్తిపై పరీక్షించి నివేదిక పంపవలెనని. నొప్పి లేని వ్యక్తే ఎందుకంటే, ఉన్న వ్యక్తి మీద పరీక్షిస్తే అది చికిత్స అవుతుంది. చికిత్సకి అర్హత కావాలి.

నొప్పి లేని మనిషి కోసం ఊరంతా గాలించారు. దొరకలేదు. వస్తాదుల నుంచి బడిపిల్లల దాకా అందరూ వచ్చే పరీక్షకి చదువుతున్నారు. ఇప్పుడు నొప్పి లేదని ఒప్పుకుంటే రికార్డులో పడిపోతుందని భయం. హెడ్ క్లర్కు పాత ఫలితాలన్నీ తిరగేశాడు. కనకదుర్గ టీచరు గారితో సహా తప్పినవాళ్ళంతా రీవాల్యుయేషన్‌కి పెట్టుకున్నారు. ఎవరి సంగతీ తేలలేదు. రీవాల్యుయేషన్ అనేది ఒకటుందని తెలియక ఊరుకున్న మనిషి ఒక్కతే ఉంది.

మర్నాడు ఇద్దరు అటెండర్లు ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చారు. శాలువా లేదు కదా, ఏం తీసుకెళ్తారని నేను అడిగాను. అప్పయమ్మ గారినే తీసుకెళ్తామన్నారు.

త్రివిక్రమరావు గారు వదినని కుర్చీలో కూర్చోబెట్టారు. "ఈ పట్టణంలో అధికారికంగా ధ్రువీకరించబడిన నొప్పిరహిత దేహం నీ ఒక్కదానిదేనమ్మా. నేటి నుంచి నువ్వు ఈ ఆసుపత్రికి ప్రామాణిక దేహానివి" అన్నారు. వదిన దణ్ణం పెట్టబోయింది. కుడి చెయ్యి రాలేదు. ఆయన అది వినయమనుకున్నారు.

సుగుణ గారు పూలగుడ్డ తీసి, నవ్వు ఆపుకుంటూ, ఎక్కడ పరీక్షించమంటారండీ అని వదినని అడిగింది.

"ఈ కుడి బుజం మీదయితే బాగా తెలుస్తాదండి" అంది వదిన.

రోజూ పరీక్షించారు. సెలవు రోజుల్లో కూడా, తాఖీదులో ప్రతిరోజూ అని ఉంది కాబట్టి వదలకుండా పరీక్షించారు. ఏ ర్యాంకరుకీ జరగనంత శ్రద్ధగా జరిగింది. కరెంటు తర్వాత గోడ మీద వేళ్ళతో పాకించే కసరత్తు. పెట్టె శక్తి గోడ దాకా అందుతోందా లేదా చూడాలని సుగుణ గారు రిపోర్టులో రాసింది. సాయంత్రం హెడ్ క్లర్కు వచ్చి వదినని అడిగేవాడు. పరీక్షకి ముందు నొప్పి ఉందా? ఈ ప్రశ్నకి వదిన నోరు తెరిచేలోగా అతనే సీలు కాగితం చూసి లేదు అని రాసుకునేవాడు. పరీక్ష తర్వాత ఉందా? లేదండి అనేది వదిన. మార్పు శూన్యం అని రాసి జోనల్ ఆఫీసుకి పంపేవారు.

నడుము దగ్గరి చెయ్యి రొమ్ము దాకా వచ్చింది. తర్వాత భుజం దాకా. ఒకరోజు వదిన రవికె తనే తొడుక్కుంది. ఆ రోజు నేను బయట వరండాలో ఊరికే చాలాసేపు నిలబడ్డాను. కుడి చేత్తో ఇస్త్రీపెట్టె లేచింది. డాక్టర్ల క్వార్టర్సు వాళ్ళు కోట్ల మడత చూసి, ఇంకొన్నాళ్ళు చూద్దాంలే అన్నారు. భుజం దాటి పైకి మాత్రం చెయ్యి పోవడం లేదు. ఇంకొంత కాలం కరెంటు పడితే పూర్తిగా వస్తుందని, ఇక్కడ ఆపితే మళ్ళీ బిగుసుకుంటుందని సుగుణ గారు అంది.

దసరాకి కొద్ది రోజులుందనగా జోనల్ ఆఫీసరు గారు స్వయంగా సమీక్షకి వచ్చారు. హాల్లో కుర్చీలు వేశారు. సిబ్బంది, ర్యాంకర్లు, భీమేశ్వరరావు గారు అంతా కూర్చున్నారు. ప్రామాణిక దేహానికి కూడా ఒక కుర్చీ వేశారు. నేను వదిన వెనక నిలబడ్డాను.

పరీక్షల గురించి త్రివిక్రమరావు గారు మాట్లాడారు. ఏడాది తిరగకుండా పట్టణంలో నొప్పి సగటు రెండు నుంచి తొమ్మిదికి పెరిగిందని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. వీర్రాజు లేచి అందరికీ ఒకసారి మూలిగి వినిపించాడు. ఆఫీసరు గారు ముగ్ధులయ్యారు. తర్వాత పెట్టె నివేదికలు తిరగేసి పెదవి విరిచారు. అన్నిట్లోనూ మార్పు శూన్యమే.

లేచి తీర్మానం చదివారు. "సదరు ఉపకరణము వలన ఎటువంటి మార్పు నమోదు కానందున, దానిని జోనల్ గోదాముకు తరలించుటకును, పరీక్షా విధానము విశేష ప్రజాదరణ పొందినందున దానిని శాశ్వతముగా కొనసాగించుటకును, ఉపకరణము ఉన్న గదిని పరీక్షా కేంద్రముగా వినియోగించుటకును ఈ సభ తీర్మానించుచున్నది."

సుగుణ గారు తల వంచుకుంది. వదిన వెనక్కి తిరిగి, "పెట్టె పట్టుకెళ్ళిపోతారంటే?" అని మెల్లగా అడిగింది. అవునన్నాను.

"వ్యతిరేకించువారు చెయ్యెత్తవచ్చు" అన్నారు ఆఫీసరు గారు. ఎత్తేవాళ్ళు ఉండరన్న ధీమాతో అప్పటికే కలం మూత తీశారు.

వదిన కుర్చీ కిర్రుమంది. కుడి చెయ్యి ఒడిలోంచి లేచింది. రొమ్ము దాటింది. భుజం దగ్గర ఆగింది. సుగుణ గారు తలెత్తి చూసి కుర్చీ అంచుకి జరిగింది. చెయ్యి కాస్త వణికి, మళ్ళీ కదిలి, చెవి పక్క నుంచి నిటారుగా పైకి పోయింది. రవికె చంకలో కుట్టు పటుక్కున తెగింది. చేతికున్న రెండు గాజులూ మోచేతి దాకా జారాయి.

ఆఫీసరు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. ఏమైనా చెప్పాలా అమ్మా అని అడిగారు.

"ఏం లేదండి. పట్టుకెళ్ళొద్దంటన్నాను."

"నమోదు చేశాం. ఇక దించు."

"దించనండి. ఎత్తడానికే ఇంతకాలం పట్టింది" అంది వదిన.

హెడ్ క్లర్కు నిబంధనల పుస్తకం తిరగేసి, ఒక చోట వేలు పెట్టి ఆఫీసరు గారికి చూపించాడు. సభలో చెయ్యెత్తి ఉన్నంతసేపు చర్చ కొనసాగుతున్నట్టు భావించవలెనని, చర్చ ముగియనిదే తీర్మానంపై సంతకం చెయ్యరాదని ఉంది. ఆఫీసరు గారు కలం బల్ల మీద పెట్టేశారు. పరవాలేదు సార్, చెయ్యి కదా, కాసేపట్లో నొప్పి పుట్టి దానంతటదే దిగుతుంది అని త్రివిక్రమరావు గారు ఆయనకి ధైర్యం చెప్పారు. అందరూ చేతినే చూస్తూ కూర్చున్నారు. వీర్రాజు అయితే నోరు తెరుచుకుని చూశాడు.

ఎంతకీ దిగలేదు. ఆఫీసరు గారి డ్రైవరు వచ్చి గుమ్మంలోంచి తొంగి చూసి వెళ్ళాడు. మళ్ళీ వచ్చి చూసి వెళ్ళాడు. ఏం చెయ్యాలో తోచక అటెండరు అందరికీ టీ తెచ్చాడు. వదిన దగ్గరికి వచ్చి ట్రే పట్టుకుని, ఆ చెయ్యి ఎప్పుడు దిగుతుందా అని నిలబడ్డాడు. వదిన ఎడం చేత్తో గ్లాసు అందుకుని, ఊదుకుంటూ తాగింది.